నీతి పాఠంతో పిల్లల నేరాలు తగ్గుతాయా? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువలకు సలహాదారుగా నియమించిన నాటి నుంచి, బడిలో నీతిబోధ, మతబోధ ఎంతవరకు ఉండాలి, వాటితో పిల్లలను నేరాల వైపు వెళ్లకుండా ఆపగలమా అనే ప్రశ్న మాకు వచ్చే ఉత్తరాల్లో తరచుగా కనిపిస్తోంది. ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం. స్థలాభావం వల్ల వాటిని కుదించాం. పిల్లల ప్రస్తావన ఉన్నందున రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా కాలంలో ఉదయం ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి పద్యం చదివి తాత్పర్యం చెప్పేవాడు. వారానికి ఒక నీతిబోధ పీరియడ్ ఉండేది. ఇప్పుడు దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేశారు. పదిహేనేళ్ల పిల్లలు గంజాయి కేసుల్లో, సెల్‌ఫోన్ దొంగతనాల్లో పట్టుబడుతున్నారంటే ఆ పీరియడ్ పోవడమే కారణమని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు? — విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం

సమాధానం: మాస్టారూ, మీ ఆవేదనలో న్యాయం ఉంది. పద్యం విలువను నేను తక్కువ చేయను. తప్పొప్పుల గురించి ఆలోచించుకోవడానికి పిల్లవాడికి కొన్ని మాటలు కావాలి, ఆ మాటలను నాలుగు పాదాల్లో జీవితాంతం నోట నిలిచేలా అందించగల శక్తి మన శతక పద్యానికి ఉంది. అయితే పీరియడ్ పోయింది కాబట్టి నేరాలు వచ్చాయనే వాదనను మాత్రం అంగీకరించలేను. నీతిబోధ కావాలని మన దేశంలో అడిగినవారికి ఎన్నడూ కొరత లేదు. ప్రతి విద్యాసంస్థలో రోజును కొద్ది నిమిషాల మౌనధ్యానంతో మొదలుపెట్టాలని 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ చెప్పింది. 1959లో ఏర్పడిన శ్రీప్రకాశ కమిటీ నైతిక, ఆధ్యాత్మిక విలువల బోధన అవసరమని సిఫారసు చేసింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కూడా ఆ అవసరాన్ని ఒప్పుకుంటూనే, ఒక మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి తెలియజెప్పడం వేరు అని స్పష్టం చేసింది. 1999లో ఎస్.బి. చవాన్ అధ్యక్షతన పార్లమెంటరీ స్థాయీ సంఘం సత్యం, ధర్మప్రవర్తన, శాంతి, ప్రేమ, అహింస అనే ఐదింటిని విలువల విద్యకు ఆధారంగా చూపింది. అర్ధశతాబ్దం పాటు ఇన్ని నివేదికలు వచ్చాక కూడా మనం మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నామంటే, చిక్కు పీరియడ్ ఉండటంలోనో లేకపోవడంలోనో లేదని అర్థమవుతుంది.

ఈ విషయంలో వందేళ్ల నాటి ఒక పరిశోధనను మన ఉపాధ్యాయులందరూ తెలుసుకోవాలని నా కోరిక. 1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 11 వేల మంది పిల్లలను పరీక్షించారు. జవాబులు దిద్దుకునే అవకాశం, ఆటలో మోసం చేసే అవకాశం, డబ్బు కాజేసే అవకాశం ఇచ్చి, ఎవరూ చూడటం లేదని పిల్లలు అనుకున్నప్పుడు ఏం చేస్తారో గమనించారు. నీతి తెలిసినంత మాత్రాన పిల్లలు మోసానికి దూరంగా ఉండలేదు. ఒక చోట నిజాయతీగా ఉన్నవాడు మరో చోట మోసం చేశాడు. నీతి పాఠాలు విన్నారా లేదా అన్నదానికంటే, పక్కనున్న స్నేహితులు ఏం చేస్తున్నారు, ఆ తరగతి వాతావరణం ఎలా ఉంది అన్నవే పిల్లల ప్రవర్తనను ఎక్కువగా నడిపించాయి.

దీన్ని మన బడికి తెచ్చి చూడండి. ఏడాది పొడవునా ప్రార్థనా సమయంలో సత్యం గురించి చెప్పిన బడిలోనే, పదో తరగతి పబ్లిక్ పరీక్షల రోజున ఉత్తీర్ణత శాతం కోసం ఎవరో ఒక పెద్దమనిషి కిటికీలోంచి చీటీలు అందిస్తాడు. చూసీ చూడనట్టు ఊరుకోమని ఇన్విజిలేటర్‌కు కబురు వస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడు చీటీ అందుకున్న ఆ క్షణంలో నేర్చుకున్నదే వాడికి బడి నేర్పిన అసలు నీతి పాఠం, ఎందుకంటే అందులో మాటా చేతా రెండూ ఉన్నాయి. మీ కాలంలో పద్యం పనిచేసి ఉంటే, దాన్ని చెప్పిన మాస్టారు అదే ఊళ్లో కాపురముండి, పిల్లవాడి తండ్రిని పేరు పెట్టి పిలవగలిగి, సాయంత్రం చెరువు గట్టున వాడు సిగరెట్‌తో కనబడితే ఆగి నిలదీయగలిగినవారు కావడం అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం. పీరియడ్‌ను తప్పక తిరిగి తెండి. దానితోపాటు ఆ మాస్టారు కూడా తిరిగి రావాలి, ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగే పని కాదది.

ఇంకొక్క మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా పిల్లలు నేరం చేశారంటూ నమోదైన కేసులు 30,555. కోట్ల మంది పిల్లలున్న దేశంలో ఇది తరం మొత్తం చెడిపోయిందని చెప్పే సంఖ్య కాదు. పట్టుబడినవారిలో అత్యధికులు పదహారు దాటిన మగపిల్లలు, వారిలో చాలామంది తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్నవారు. కాబట్టి వీధి బాలలు, అనాథలు మాత్రమే నేరాల్లోకి వెళ్తారనే అభిప్రాయాన్ని మనం వదులుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి పక్క కాలనీలో ఒకరి బైకు తీసుకుపోయి, పెట్రోలు అయిపోయేదాకా తిప్పి, కాలువ పక్కన పడేశారు. పోలీసులు పిలిపించి మందలించి పంపారు. వాళ్ల నాన్న గల్ఫ్‌లో ఉన్నారు, ఫోన్లో తిట్టడం తప్ప ఏమీ చేయలేకపోతున్నారు. హనుమాన్ మాల వేయిస్తే మారతాడని మా అత్తమ్మ అంటోంది. వేయించమంటారా? — ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

సమాధానం: అమ్మా, మీ అత్తగారి ఆలోచనను కొట్టిపారేయకండి. మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు పిల్లవాడి జీవితంలో ఏమేం మారతాయో ఒకసారి చూడండి. తెల్లవారుజామునే లేచి చన్నీటి స్నానం చేస్తాడు, రెండు పూటలా పూజకు హాజరవుతాడు, నేల మీద పడుకుంటాడు, మద్యం, మాంసం, పొగ దగ్గరికి వెళ్లడు. అందరూ అతన్ని స్వామీ అని పిలుస్తారు, అతనూ తనకంటే చిన్నవాణ్ణి సైతం స్వామీ అనే పిలవాలి. నిన్నటిదాకా దొంగ అని చూసిన వీధి అకస్మాత్తుగా గౌరవంగా చూడటం మొదలుపెడుతుంది, ఆ గౌరవాన్ని నిలబెట్టుకోవాలనే పట్టుదల పదిహేనేళ్ల వయసులో చాలా బలంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ కనిపించే ఒక గురుస్వామి, తనతోపాటు అదే నియమం పాటించే పదిమంది పెద్దవాళ్లు దొరుకుతారు. తండ్రి దూరంగా ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే మూడు షరతులు చెబుతాను. మొదటిది, వాడు ఒప్పుకుంటేనే వేయించండి. శిక్షగా మెడలో వేసిన మాల వాడికి భక్తి మీద, మీ మీద కోపాన్నే పెంచుతుంది. రెండవది నలభై రెండో రోజు గురించి. కొండగట్టులో దీక్ష విరమించిన సాయంత్రమే పాత స్నేహితుల దగ్గరికి, పాత అలవాట్లకు తిరిగి వెళ్లేవారిని మీ ఊళ్లోనే మీరు చూసి ఉంటారు. దీక్ష చెడ్డదై ఇలా జరగదు, ఆ నలభై ఒక్క రోజులూ చుట్టూ ఉన్న మనుషులు, వేళాపాళా ఒక్కసారిగా మాయమవడం వల్ల జరుగుతుంది. అందుకని మాల వేసే ముందే గురుస్వామితో విడిగా మాట్లాడండి. విరమణ తరువాత కూడా వారానికి రెండు రోజులు వాణ్ణి గుడి పనికో, అన్నదానంలో వడ్డనకో, ఇంకేదైనా బాధ్యతకో పిలవగలరా అని అడగండి. బడి వదిలినప్పటి నుంచి రాత్రి భోజనం దాకా వాడు ఎక్కడ, ఎవరితో ఉంటాడో మీకు తెలిసి ఉండాలి. పిల్లల తప్పులు చాలావరకు ఆ మూడు నాలుగు గంటల్లోనే జరుగుతాయి.

మూడవ షరతు నా దృష్టిలో మాల కంటే ముఖ్యమైనది. బైకు యజమాని ఒప్పుకుంటే, మీరు వాణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. ఆ బైకు లేక ఆ రోజు ఆయన డ్యూటీకి ఎలా వెళ్లారో, ఎంత తిరిగారో, మరమ్మతుకు ఎంతైందో ఆయన నోటనే వాడు వినాలి. క్షమాపణ వాడే చెప్పాలి, మీరు చెప్పకూడదు. మరమ్మతు డబ్బు మీరు ఇచ్చేసి రాకండి. నెలనెలా ఇచ్చే ఖర్చుల్లోంచి మినహాయించుకునో, సెలవుల్లో మీ కళ్లెదుట చేయగల పని చేయించో, ఆలస్యమైనా వాడి చేతి మీదుగానే తీర్చనివ్వండి. దేవుడి ముందు గుంజీలు తీస్తే మనసు తేలికపడవచ్చు, కానీ నష్టపోయిన మనిషి అలాగే ఉండిపోతాడు. మన సంప్రదాయంలో ప్రాయశ్చిత్తం అంటే చేసిన చెడుకు తగిన పరిహారం చెల్లించడం కూడా.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పిల్లల న్యాయ చట్టం 2015 ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారిని లాకప్‌లో గానీ జైలులో గానీ పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో పిల్లల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరు మహిళ. మీ అబ్బాయి పేరు, బడి, ఫొటో బయటపెట్టే హక్కు ఏ పత్రికకూ టీవీకీ లేదు. ఇంకో విషయం, సొంత బైకే అయినా మైనరుకు తాళం ఇవ్వకండి. మైనరు బండి నడిపి నేరం జరిగితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు, పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. వారానికి ఒక్కసారైనా ఈ విషయం ఎత్తకుండా కొడుకుతో మాట్లాడమనండి. క్రికెట్ గురించైనా సరే. తిట్టడానికే వచ్చే ఫోను ఎత్తడం పిల్లలు త్వరలోనే మానేస్తారు.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిని. దాతలు ముందుకొచ్చి పిల్లలందరికీ భగవద్గీత శ్లోకాలు నేర్పిస్తామంటున్నారు. కొందరు తల్లిదండ్రులు సంతోషిస్తున్నారు, కొందరు అభ్యంతరం చెబుతున్నారు. చట్టం ఏమంటుంది? — ప్రధానోపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

సమాధానం: రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయరాదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థల్లో మతబోధన ఉంటే, దానికి హాజరు కావాలని ఎవరినీ బలవంతం చేయరాదు, విద్యార్థి మైనరైతే సంరక్షకుల అంగీకారం ఉండాలి. ఇక 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, అన్ని మతాల గురించి తెలియజెప్పడం, వాటిలోని విలువలను పరిచయం చేయడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని తీర్పు ఇచ్చింది. మీ బడి ప్రభుత్వానిది కాబట్టి, బడి వేళల్లో పిల్లలందరి చేత ఒక మత గ్రంథాన్ని ఆరాధనగా వల్లె వేయించడం తగదు. అన్ని సంప్రదాయాల్లోని కథలను, మహనీయుల జీవితాలను పాఠంగా చెప్పుకోవడానికి అడ్డు లేదు. దాతలకు ఉత్సాహం ఉంటే, సాయంత్రం బడి బయట, ఇష్టమున్న కుటుంబాల పిల్లలకు శ్లోకాలు నేర్పుకోవచ్చు.

చట్టం కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే ఉంది. నలభై మంది కూర్చున్న తరగతిలో ముగ్గురు పిల్లలు తమ ఇంటి నమ్మకానికి చోటులేదని భావిస్తే, ఆ ముగ్గురికీ బడి పరాయిదవుతుంది. బడితో బంధం తెగడం, మధ్యలో చదువు మానేయడం పిల్లలు నేరాల వైపు మళ్లే దారుల్లో ముఖ్యమైనవి. నేరాలు తగ్గించాలని మొదలుపెట్టిన పనే కొందరిని గుమ్మం బయట నిలబెట్టకూడదు. ఒక మతోత్సవం రోజున మరో మతం వారి ఇంటి మీద రాయి విసిరిన కుర్రవాడు కూడా బాల నేరస్థుడేనని, వాడికి మతం గురించి ఎవరో చాలానే బోధించి ఉంటారని మనం మరచిపోరాదు. ఏ మతం చెప్పినా సరే, పక్కవాడి దేవుణ్ణి గౌరవించడం అందులో భాగంగా లేకపోతే అది విలువల విద్య అనిపించుకోదు.

ప్రశ్న: మా చర్చిలో సండే స్కూలు నడుపుతున్నాను. పన్నెండేళ్ల దాకా వచ్చే పిల్లలు ఆ తరువాత మానేస్తున్నారు. పాపానికి శిక్ష తప్పదని గట్టిగా భయం పెట్టి చెప్పకపోవడం వల్లే ఇలా జరుగుతోందని మా పెద్దలు అంటున్నారు. — ఉపాధ్యాయురాలు, గుంటూరు

సమాధానం: సోదరీ, భయానికి మీ పెద్దలు అనుకుంటున్నంత శక్తి లేదు. నరకం మీద నమ్మకానికీ పిల్లల నేరాలకూ సంబంధం ఉందా అని 1969లో కాలిఫోర్నియా విద్యార్థులను పరిశీలించిన హిర్షి, స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్తలకు చెప్పుకోదగిన సంబంధమేదీ కనబడలేదు. తరువాతి దశాబ్దాల్లో మరెన్నో పరిశోధనలు జరిగాయి. వాటిలో 60 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2001లో వెలువడింది, మతానుసరణ వల్ల నేరప్రవృత్తి కొంతమేరకు తగ్గుతుందని అది తేల్చింది. నమ్మకం చుట్టూ ఒక సమాజం ఉన్నచోట, స్నేహితులు కూడా ఆ నమ్మకంతోనే నడుచుకునేచోట ఆ ప్రభావం బలంగా ఉంటుందని స్టార్క్ తరువాత వివరించారు. నాకు ఇది పూర్తిగా సమంజసంగా తోస్తుంది.

భయం విషయంలో ఇంకో అనుభవం చెబుతాను. 1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీలో, దారి తప్పుతున్న పిల్లలను జైలుకు తీసుకువెళ్లి, జీవిత ఖైదీల చేత అక్కడి ఘోరాలన్నీ అరిచి చెప్పించి హడలగొట్టే కార్యక్రమం మొదలైంది, ఎంతో ప్రచారం పొందింది. అలాంటి కార్యక్రమాలను శాస్త్రీయంగా పరీక్షించినప్పుడు, వాటికి వెళ్లిన పిల్లలు వెళ్లనివారికంటే ఎక్కువగా నేరాలు చేసినట్టు తేలింది. పన్నెండేళ్లు దాటిన పిల్లవాడు అదే కథను అదే బొమ్మతో మళ్లీ వినడానికి రాడు. వాడికి కింది తరగతి పిల్లలను అప్పగించండి, కీబోర్డో డ్రమ్మో నేర్పించండి, అనుమానాలు అడిగితే గద్దించకుండా వినండి. మసీదులో పిల్లలకు చదువు చెప్పే హజ్రత్‌లకు, గుడిలో బాలవికాస్ నడిపేవారికి కూడా ఇదే మనవి.

ప్రశ్న: మాకు నీతులు చెప్పే పెద్దలే ఓటుకు డబ్బు తీసుకుంటారు, పనికి లంచం ఇస్తారు, మా ముందే తాగుతారు. నేరం చేసినవాడు నాయకుడైతే పూలదండలు వేస్తారు. ముందు వాళ్లకు తరగతులు పెట్టకూడదా? — డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: నాయనా, నీ ఫిర్యాదు న్యాయమైనది, దాన్ని తోసిపుచ్చే సమాధానం నా దగ్గర లేదు. సీసా తెమ్మని పన్నెండేళ్ల కొడుకును దుకాణానికి పంపే తండ్రికి, వాడు పద్దెనిమిదేళ్లకు తాగితే కొట్టే అర్హత ఉండదు. కుల ధ్రువపత్రానికో ఆదాయ ధ్రువపత్రానికో డబ్బు చేతిలో పెడుతున్నప్పుడు పక్కన నిలబడిన పిల్లవాడు అన్నీ చూస్తుంటాడని ఇది చదువుతున్న తల్లిదండ్రులు గుర్తించాలి.

అయినా నిన్ను ఒకటి అడగాలి. మీ వీధిలోనో హాస్టల్లోనో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు జుట్టు కత్తిరింపు దగ్గర నుంచి తిట్ల దాకా ఎవరిని చూసి నేర్చుకుంటున్నారో గమనించావా? తండ్రిని చూసి కాదు, నీ వయసు వాళ్లను చూసి. మొదటి సిగరెట్టు, మొదటి గంజాయి పొట్లం చాలామందికి అందేది మూడు నాలుగేళ్లు పెద్దవాడైన ‘అన్న’ చేతి నుంచే. పెద్దలు మారేదాకా ఆగాలనుకుంటే ఆ పిల్లలకు అప్పటికి సమయం మించిపోతుంది. ఇద్దరు పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పు, లేదా వాళ్లతో కబడ్డీ ఆడు. వాళ్ల ముందు నువ్వు ఎలా మాట్లాడతావో, గొడవ వచ్చినప్పుడు ఎలా తగ్గుతావో వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న: మా బస్తీలో సాయంత్రమైతే పదిహేను, పదహారేళ్ల పిల్లలు గంజాయికి చేరుతున్నారు. గుడిలో ప్రవచనాలు పెట్టించాం, ఆ పిల్లలు రారు. ఏం చేయాలి? — బస్తీ సంఘం సభ్యుడు, హైదరాబాద్

సమాధానం: ప్రవచనం వినడానికి వచ్చేవారికి దాని అవసరం తక్కువ, అవసరమున్నవారు రారు. కాబట్టి వాళ్లున్న చోటికి మీరే వెళ్లాలి. ఐస్‌లాండ్‌లో 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెల రోజుల్లో మత్తెక్కేలా తాగామని చెప్పినవారు 1998లో 42 శాతం ఉండగా, 2016 నాటికి 5 శాతానికి తగ్గారు. అక్కడ తల్లిదండ్రులు కలిసి ఒప్పందాలు చేసుకున్నారు, రాత్రి వేళ పిల్లలు బయట తిరగకుండా నియమం పాటించారు, ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం కుటుంబాలకు డబ్బు ఇచ్చింది. మన బస్తీకి అంత డబ్బు రాకపోవచ్చు. కానీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బడి మైదానం గేటు తెరిపించి, రెండు ఫ్లడ్‌లైట్లు వేయించి, పెద్దవాళ్లు వంతులవారీగా అక్కడ కూర్చోవడం సంఘానికి సాధ్యమే. ఆ పనికి గుడి కమిటీని, మసీదు కమిటీని, చర్చిని కలిపి కూర్చోబెట్టండి. మూడు మతాల పెద్దలు ఒకే బల్ల మీద కనిపించడం కూడా ఆ పిల్లలకు పాఠమే.

అమ్మేవాడి వివరాలు తెలిస్తే తెలంగాణలో 1908కి, ఆంధ్రప్రదేశ్‌లో 1972కి ఫోన్ చేయండి. అలవాటు పడిన పిల్లవాడి చికిత్స కోసం 14446కి, ఇంట్లో హింస గానీ నిర్లక్ష్యం గానీ ఉందనిపిస్తే 1098కి చేయవచ్చు. అలవాటు పడినవాణ్ణి, అమ్మేవాణ్ణి ఒకే గాటన కట్టకండి. మొదటివాణ్ణి ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.